‘రీట్రైనింగ్ ఇచ్చాం’ అని రాసే ముందు ఒక్కసారి లైన్ దగ్గరికి వెళ్లండి

ఫార్మాలో పనిచేస్తున్నవాళ్లు ఒక పని చేయండి. మీ ప్లాంట్‌లో గత ఏడాది క్లోజ్ చేసిన డీవియేషన్లు (పద్ధతి తప్పిన సంఘటనల రిపోర్టులు) తీసి, రూట్ కాజ్ దగ్గర ఏం రాశారో అదొక్కటే చదవండి. ‘హ్యూమన్ ఎర్రర్’, ‘ఎస్ఓపీ (రాసిపెట్టిన పని విధానం) పాటించలేదు’, ‘ఆపరేటర్ అజాగ్రత్త’. దాని కింద కాపాలో (తప్పు దిద్ది, మళ్లీ జరగకుండా తీసుకునే చర్యల్లో) ఏముంటుందో చూడకుండానే చెప్పొచ్చు: ‘సంబంధిత సిబ్బందికి రీట్రైనింగ్ ఇచ్చాం’. జీడిమెట్ల, జడ్చర్ల, పరవాడ, ఎక్కడైనా చాలా ఫైళ్లు ఇలాగే ముగుస్తాయి. ఈ ఒక్క వాక్యంతో వచ్చే కాపాని క్యూఏ (నాణ్యతా విభాగం) హెడ్‌లు వెనక్కి పంపాలి. దీన్ని ఒప్పుకున్నంత కాలం అదే తప్పు అదే లైన్‌లో మళ్లీ జరుగుతూనే ఉంటుంది.

ఉదాహరణకి బ్లిస్టర్ ప్యాకింగ్ లైన్ తీసుకుందాం. ముందు బ్యాచ్ షుగర్ మాత్ర, తర్వాతది బీపీ మాత్ర. లైన్ క్లియరెన్స్ (పాత బ్యాచ్‌ది ఏదీ మిగల్లేదని చూసుకోవడం) అయింది, ఆపరేటర్ సంతకం ఉంది, ఐపీక్యూఏ (లైన్ దగ్గరే నాణ్యత చూసే క్యూఏ మనిషి) సంతకం ఉంది. మెషిన్ తిరగడం మొదలైన కాసేపటికి ఒక పాకెట్‌లో పాత మాత్ర కనిపించింది. రంగు, సైజు తేడా ఉంటే కెమెరా పట్టుకుని రిజెక్ట్ చేస్తుంది. రెండూ దగ్గరగా ఉంటే కెమెరా కూడా వదిలేస్తుంది. అప్పుడు షుగర్ లేని మనిషి బీపీ మాత్ర అనుకుని షుగర్ మాత్ర మింగుతాడు, కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఇంత పెద్ద విషయానికి మనం రాసే జవాబు రీట్రైనింగ్!

అసలు ఆ మాత్ర ఎక్కడ దాక్కుంది? హాపర్‌లో (మాత్రలు పోసే గరాటులో) కాదు, హాపర్ అందరూ చూస్తారు. గైడ్ ట్రాక్ కవర్ కింద, బ్రష్ బాక్స్‌లో కుచ్చుల మధ్య, వైబ్రేటర్ ట్రే అంచు కింద, డస్ట్ సక్షన్ పైపు మెలిక దగ్గర, రిజెక్ట్ బిన్ వెనక. ఇప్పుడు చెక్‌లిస్ట్ తెరవండి. ‘మెషిన్, పరిసరాలు శుభ్రంగా ఉన్నాయి: అవును / కాదు’ అని ఒకే లైన్ ఉంటుంది. ట్రాక్ కవర్ విప్పాలని ఎక్కడా ఉండదు. విప్పాలంటే అలెన్ కీ కావాలి, అది ఇంజినీరింగ్ వాళ్ల దగ్గర ఉంటుంది. కవర్ విప్పి, వ్యాక్యూమ్ పట్టి, తుడిచి, మళ్లీ బిగించడానికి గంటన్నర పట్టే చోట ప్లానింగ్ షీట్‌లో చేంజోవర్‌కి (ఒక మందు నుంచి ఇంకో మందుకి లైన్ మార్చడానికి) 45 నిమిషాలు ఇస్తారు. ఆపై ఇదంతా సీ షిఫ్ట్‌లో (రాత్రి డ్యూటీలో), తెల్లవారుజామున. ఐపీక్యూఏని పిలిచేది కవర్లన్నీ బిగించాక. మూసేసిన మెషిన్‌లో ఆ ఐపీక్యూఏ అమ్మాయి ఏం చూస్తుంది? పైపైన చూసి సంతకం పెడుతుంది.

ఇందులో ఆపరేటర్‌కి తెలియనిదేముంది? మాత్ర ఎక్కడ ఇరుక్కుంటుందో ట్రైనింగ్ ఇచ్చే మనిషికంటే ఆయనకే బాగా తెలుసు. తెలిసినాయన్ని కూర్చోబెట్టి అదే ఎస్ఓపీ మళ్లీ చదివిస్తే ఏం మారుతుంది? చేయాల్సినవి వేరే ఉన్నాయి. మాత్ర ఇరుక్కునే చోట్లన్నీ ఫొటోలతో చెక్‌లిస్ట్‌లో విడివిడిగా పెట్టండి. చేంజ్ కంట్రోల్ (మార్పుకి అనుమతి తీసుకునే ఫైల్) వేసి, అలెన్ బోల్టుల బదులు చేత్తో తిప్పే నాబ్‌లు పెట్టించండి. కవర్లు విప్పి ఉండగానే ఐపీక్యూఏ టార్చ్ వేసి చూసేలా వరుస మార్చండి. ప్లానింగ్‌లో ఆ గంటన్నర రాయించండి. చివరిది చేయించడమే అన్నిటికంటే కష్టం, ఎందుకంటే అక్కడ క్యూఏ ఎదురుగా డిస్పాచ్ టార్గెట్ నిలబడుతుంది. అయినా అడగాల్సిందే.

హ్యూమన్ ఎర్రర్ అని రాయడానికి ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ పని ఎలా చేయాలో ఆ మనిషికి నిజంగా తెలియదా? ఆ స్థానంలో, ఆ టైమ్‌లో, అవే పనిముట్లతో ఇంకో అనుభవజ్ఞుడు ఉన్నా ఇదే చేసేవాడా? మొదటిదానికి ‘తెలియదు’ అన్న జవాబు వస్తేనే ట్రైనింగ్. రెండోదానికి ‘అవును’ అని వస్తే తప్పు మీ పద్ధతిలో ఉంది. ఇది నా సొంత సిద్ధాంతం కాదు. యూరప్ జీఎంపీ (మందుల తయారీ నియమాలు) 1వ అధ్యాయం స్పష్టంగానే చెబుతోంది: మనిషి పొరపాటు అని తేల్చేముందు ప్రాసెస్‌లో, ప్రొసీజర్‌లో, సిస్టమ్‌లో లోపాల్ని పట్టించుకోకుండా వదిలేయలేదని చూసుకుని, ఆ మాటకి కారణం చూపించాలి.

ఇక ట్రైనింగ్ సంగతి. అమెరికా రూల్ 21 సీఎఫ్ఆర్ 211.25 అడిగేది ఉద్యోగి చేసే ‘ఆ ప్రత్యేకమైన పని’లో శిక్షణ, అదీ అర్హత ఉన్నవాళ్ల చేత, నిరంతరంగా. మనం చేసేదేమిటి? ఎస్ఓపీ కొత్త వెర్షన్ రాగానే, ఎఫెక్టివ్ డేట్ లోపు షీట్ నిండాలని ‘ఏ’ షిఫ్ట్ (ఉదయం డ్యూటీ) దిగిపోతున్నవాళ్లని ట్రైనింగ్ హాల్‌లో కూర్చోబెట్టి, ఇంగ్లీషులో ఉన్న నలభై పేజీలు గబగబా చదివి, సంతకాలు పెట్టించి మమ అనిపిస్తాం. వినేవాళ్లలో శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు, ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. తర్వాత పది ప్రశ్నల పేపర్, ఏళ్ల తరబడి అవే ప్రశ్నలు. ఎల్ఎంఎస్ (కంప్యూటర్‌లో ట్రైనింగ్ నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టిన చోట నలభై పేజీలు రెండు నిమిషాల్లో చదివినట్టు లాగ్ చెబుతుంది. సెలవులో ఉన్న రోజున ట్రైనింగ్ షీట్‌లో సంతకం ఉందనుకోండి, ఇన్‌స్పెక్టర్ గేటు హాజరుతో పోల్చి చూస్తే చాలు. అప్పుడది ట్రైనింగ్ లోపంగా మిగలదు, డేటా ఇంటెగ్రిటీ (రికార్డుల నిజాయితీ) కేసు అవుతుంది.

సరిగా ఎలా చేయాలో మనకి తెలియక కాదు. స్టెరైల్ బ్లాక్‌లో (సూక్ష్మజీవులు లేకుండా ఇంజెక్షన్ల లాంటివి తయారుచేసే చోట) రోజూ చేస్తున్నాం. గౌనింగ్ ఎస్ఓపీ చదివి సంతకం పెట్టినంత మాత్రాన ఎవరినీ గ్రేడ్ ఏలోకి (అన్నిటికంటే శుభ్రమైన చోటికి) పంపం. గౌన్ వేసుకున్నాక వేళ్లు, ముంజేతులు, ఛాతీ, హుడ్ దగ్గర ప్లేట్లు అద్ది, ఇంక్యుబేట్ చేసి, సూక్ష్మజీవుల్ని లెక్కపెడతాం. కనీసం ఏడాదికోసారి మళ్లీ చేస్తాం. మీడియా ఫిల్‌లో (మందు బదులు సూక్ష్మజీవులు పెరిగే ద్రావణం నింపి చూసే పరీక్షలో) పాల్గొని అది పాసైతేనే ఒంటరిగా వదులుతాం. వయల్స్ (ఇంజెక్షన్ సీసాలు) చూసే ఇన్‌స్పెక్టర్లకి కళ్లు పరీక్షిస్తాం, తెలిసిన లోపాలున్న వయల్స్ కలిపిన కిట్ ఇచ్చి ఎన్ని పట్టుకున్నారో చూస్తాం, అదీ అలసట వచ్చే సమయాన్ని కలుపుకుని. మరి అదే కంపెనీలో కంప్రెషన్‌కి (మాత్ర నొక్కడానికి), గ్రాన్యులేషన్‌కి (పొడిని గుళికలు చేయడానికి), ప్యాకింగ్‌కి సంతకం ఎలా సరిపోతోంది?

లైన్ క్లియరెన్స్‌కీ ఇలాంటి పరీక్ష పెట్టొచ్చు. లైన్ ఖాళీగా ఉన్న రోజు 5 ముదురు రంగు డమ్మీ మాత్రలు లెక్కపెట్టి దాచండి. ఆపరేటర్, ఐపీక్యూఏ ఇద్దరూ కలిసి 5 వెతికి పట్టుకుంటే పాస్, 4 దొరికితే ఫెయిల్. పరీక్ష అయ్యాక ఆ 5 తిరిగి లెక్క తేలేదాకా లైన్ వదలకూడదు. ఇందులో ఇంగ్లీషు అక్కర్లేదు, ప్రశ్నపత్రం అక్కర్లేదు.

గ్రీన్ బెల్ట్ (సిక్స్ సిగ్మా నాణ్యత పద్ధతి) కోర్సుల గురించీ ఒక మాట. వాటిలో నేర్పే డీఎంఏఐసీ (సమస్యని నిర్వచించి, కొలిచి, విశ్లేషించి, మెరుగుపరిచి, అదుపులో పెట్టడం) మంచి పద్ధతే, కాదనను. కానీ పిజ్జా డెలివరీ ఉదాహరణలతో నేర్చుకుని వచ్చినవాళ్లకి, వ్యాలిడేట్ అయిన (నిరూపించి ఖాయం చేసిన) ప్రాసెస్‌లో జల్లెడ సైజు మార్చాలంటే చేంజ్ కంట్రోల్, రిస్క్ అసెస్‌మెంట్, అవసరాన్ని బట్టి స్టెబిలిటీ (మందు నిల్వ ఉండే పరీక్ష), కొన్ని మార్పులకి ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) ముందస్తు అనుమతి కూడా కావాలని ఎవరూ చెప్పరు. ఇంకా ప్రమాదం లెక్కల్లో ఉంది. 20 మాత్రల సగటు బరువులు పెట్టి సీపీకే (ప్రాసెస్ హద్దుల్లో ఎంత నిలకడగా ఉందో చెప్పే అంకె) 1.8 వచ్చిందని స్లైడ్ చూపిస్తారు. ఒక్కో మాత్ర బరువు పెడితే అదే బ్యాచ్‌కి 1 కూడా రాకపోవచ్చు. సగటు తీయగానే మాత్రకీ మాత్రకీ ఉన్న తేడా మాయమైపోతుంది మరి. 250 ఎంజీ పైబడిన మాత్రకి ఫార్మకోపియా (మందుల ప్రమాణాల పుస్తకం) ఇచ్చే 5 శాతం హద్దు ఒక్కో మాత్రకి వర్తిస్తుంది. పేషెంట్ మింగేదీ ఒక్క మాత్రే.

రీట్రైనింగ్ అలవాటు ఇంకో నష్టం కూడా చేస్తోంది. ఒకే ఆపరేటర్ పేరు మూడు డీవియేషన్లలో కనిపిస్తే ఇంక్రిమెంట్ పోతుంది, కాంట్రాక్ట్ మనిషైతే గేటు బయటే. ఇది చూసిన పక్క ఆపరేటర్ తర్వాతిసారి కింద పడిన మాత్రని జేబులో వేసుకుంటాడు, బీఎంఆర్‌లో (బ్యాచ్ రికార్డులో) రాయడు. డీవియేషన్లు తగ్గాయని మేనేజ్‌మెంట్ రివ్యూలో చప్పట్లు కొట్టేది ఈ మౌనానికి.

చివరికి ఎఫెక్టివ్‌నెస్ చెక్ (కాపా పనిచేసిందా అని చూసేది) చూడండి. ‘మూడు నెలల్లో పునరావృతం కాలేదు, క్లోజ్.’ ఆ ప్రొడక్ట్ ఆ మూడు నెలల్లో ఒక్క బ్యాచ్ కూడా నడవకపోతే ఎలా పునరావృతం అవుతుంది? రోజులు లెక్కపెట్టకండి, సందర్భాలు లెక్కపెట్టండి: ఆ లైన్‌లో తర్వాతి 10 ప్రొడక్ట్ చేంజోవర్లు, అందులో కనీసం 3 సీ షిఫ్ట్‌లో, కవర్లు విప్పి ఉండగా తీసిన ఫొటోలతో సహా. అంతవరకూ ఆ కాపా ఓపెన్‌లోనే ఉండాలి, ఆడిట్ ఇంకో వారంలోనే ఉన్నా సరే.