384 మంది సరిపోతారా?

సోషియాలజీ, సైకాలజీ విద్యార్థుల సర్వే పత్రాలకు బహుమతులు వచ్చాయన్న ఈ వార్త చదివి చాలా సంతోషం కలిగింది. అయితే శాంపిల్ ఎలా తీశారో, అంటే ప్రశ్నలు అడగడానికి మనుషుల్ని ఎలా ఎంచుకున్నారో, ఒక్క ముక్క కూడా రాయలేదు. పని గట్టిదో కాదో తెలిసేది అక్కడే.

సర్వేలో ఎంతమందిని అడగాలంటే అందరూ వాడే 384 అన్న సంఖ్య 95 శాతం విశ్వాస స్థాయికి, 5 శాతం అటూఇటూ తేడాకి వస్తుంది. అంటే అలాంటి సర్వే వందసార్లు చేస్తే సుమారు 95 సార్లు జవాబు అసలు లెక్కకి 5 శాతం లోపే ఉంటుంది. అదీ మొత్తం జాబితాలోంచి లాటరీ పద్ధతిలో మనుషుల్ని తీస్తేనే. హైదరాబాద్‌లో బోరబండలోనో అడ్డగుట్టలోనో నాలుగు బస్తీలు పట్టుకుని ఇంటింటికీ తిరిగితే లెక్క మారిపోతుంది. ఒకే గల్లీ వాళ్ల జవాబులు దగ్గర దగ్గరగా ఉంటాయి గనక డిజైన్ ఎఫెక్ట్ (ఇలా గుంపులుగా తీసినందుకు శాంపిల్ ఎన్ని రెట్లు పెంచాలో చెప్పే అంకె) 2 అనుకుంటే 768 మంది కావాలి. బస్తీలు పెంచి, ఒక్కోచోట ఇళ్లు తగ్గించడం మేలు.

పగలు పదకొండుకి తలుపు కొడితే ఎక్కువగా దొరికేది పెద్దవాళ్లు, గృహిణులే. ఆటో నడిపేవాళ్లు, ఇళ్లలో పనికి వెళ్లేవాళ్లు లెక్కలోకి రారు. తాళం కనబడగానే పక్కింటికి జరిగిపోకూడదు. సాయంత్రం ఒకసారి, ఆదివారం ఒకసారి మళ్లీ వెళ్లాలి. తలుపు తీసిన మనిషినే అడగకుండా, 18 నిండిన వాళ్లందర్నీ రాసుకుని కిష్ గ్రిడ్‌తో (ఇంట్లో ఎవర్ని అడగాలో తేల్చే పట్టిక) ఒకర్ని ఎంచుకోవాలి. ఎంతమంది దొరకలేదో, ఎంతమంది కాదన్నారో పత్రంలో చూపిన పిల్లలుంటే దయచేసి వాళ్ల గురించి ఇంకాస్త వివరంగా రాయండి.