మనవాళ్లు తమ కళను ఎందుకు దాచుకుంటున్నారు?

"ఉద్యోగుల్లో దాగిన ప్రతిభను వెలికితీద్దాం" అని హెచ్ఆర్ వాళ్లు మీటింగ్ పెట్టినప్పుడల్లా నాకు ఒక్కటే అడగాలనిపిస్తుంది. అసలు ఆ ప్రతిభ ఎందుకు దాక్కుంది? ఎవరికి భయపడి?

ఒడిశాలో రాయగడ, బరంపురం వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసే మన తెలుగువాళ్లను చూసి చెప్తున్నాను. నాకు తెలిసిన ఒక వెల్డర్ ఉన్నాడు. విశ్వకర్మ పూజ వస్తే చాలు, పాత బేరింగులు, బోల్టులు, గొలుసు ముక్కలు ఏరుకొచ్చి ఏనుగునో నెమలినో నిలబెట్టేస్తాడు. పెద్దసార్లు ఫ్యామిలీతో వచ్చి ఫొటోలు దిగుతారు. ఫొటో కింద డిపార్ట్‌మెంట్ పేరుంటుంది, అతని పేరుండదు. అదంతా షిఫ్టు దిగాక నిద్ర మానుకుని చేసిందే, ఓవర్‌టైమ్ కూడా లేదు. తర్వాత గెస్ట్‌హౌస్ గేటుకి డిజైన్ చెయ్యమన్నారు. ఆపైన ఓ ఆఫీసరు ఇంటికి పూలకుండీల స్టాండు. ఇప్పుడు ఎవరడిగినా "నాకు రాదు సార్" అంటున్నాడు. అతన్ని ఏమనగలం?

అకౌంట్స్‌లో ముగ్గులు బాగా వేసే అమ్మాయికీ ఇదే గతి. ఏ గెస్టు వచ్చినా ముగ్గు ఆమె నెత్తినే. నెలాఖరు లెక్కలు మాత్రం ఎవరూ పంచుకోరు.

ఇక భాష సంగతి. యాన్యువల్ డే స్టేజి మీద ఒడియా, హిందీ పాటలుంటాయి. ఉండాలి కూడా. కానీ గొంతెత్తి పద్యం పాడగల ఫిట్టర్లు మనవాళ్లలో ఉన్నారు, వాళ్లను అడిగినవాడే లేడు.

పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు రాజావారి స్కూల్లో మాస్టారు. పాఠాలు చెప్పడం ఆయన ఉద్యోగం. అక్కడి గిరిజనులు మాట్లాడే సవర భాష నేర్చుకోవడం ఆ ఉద్యోగంలో భాగం కాదు. అయినా నేర్చుకుని వ్యాకరణం రాస్తే, అది 1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయింది. అంత పట్టుదల అందరికీ ఉండదు. మామూలు మనిషికి కాస్త టైము, కాస్త గౌరవం ఎవరైనా ఇవ్వాలి.

"దీనివల్ల కంపెనీకి ఏం లాభం?" అనేవాళ్లకు ఒక సంగతి చెప్తాను. అమెరికాలో త్రీఎం కంపెనీ తన సాంకేతిక ఉద్యోగులకు పని సమయంలో 15 శాతం సొంత ఆలోచనల కోసం వదిలేది. అక్కడి ఆర్ట్ ఫ్రై చర్చి బృందంలో పాడేవాడు. పాటల పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్న కాగితాలు జారిపోతుంటే, తోటి శాస్త్రవేత్త స్పెన్సర్ సిల్వర్ 1968లో కనిపెట్టిన గట్టిగా అంటుకోని జిగురు గుర్తొచ్చింది. అప్పటిదాకా దానికి సరైన వాడకమే దొరకలేదు. అలా పుట్టిన పోస్ట్-ఇట్ చీటీలు 1980లో అమెరికా అంతటా అమ్మకానికొచ్చాయి. ఆయన పాటలు పాడకపోతే ఆ జిగురు ఏమయ్యేదో!

మనకి 15 శాతం అక్కర్లేదు. పూజకి వారం ముందు నుంచి రోజుకి రెండు గంటలు డ్యూటీలోనే ఆ పనికి వదలండి. చేసినవాడి పేరు బోర్డు మీద రాయండి. కంపెనీ అవసరానికి చేయిస్తే డబ్బివ్వండి. సొంత ఇంటి పనులకు మాత్రం అడగకండి. ఇష్టం లేదన్నవాళ్లను బలవంతంగా స్టేజి ఎక్కించకండి, వాళ్లకది ఇంకో టెన్షన్.

కొరాపుట్ నుంచి గంజాం దాకా ఏ కంపెనీలోనైనా ఇలా చేస్తుంటే నాకు రాయండి. మా యూనియన్ మీటింగులో పేరుపెట్టి మరీ చదివి వినిపిస్తాను.