పచ్చచుక్కే ప్రమాణం

ఇంటి నుంచి పనిచేయడమే ప్రధాన పద్ధతిగా పెట్టుకున్న ‘రిమోట్ ఫస్ట్’ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పని జరగదని ఆరోపించేవారు ఆ కంపెనీల్లో పనిని ఎలా కొలుస్తారో ఎన్నడూ గమనించినట్లు లేదు. ఆఫీసులో అయితే కుర్చీలో కునికిపాట్లు పడుతున్నవాడికి కూడా హాజరు పడుతుంది. ఇంటి నుంచి పనిచేసేవాడు మాత్రం తాను సజీవంగా ఉన్నానని గంటగంటకూ రుజువు చేసుకోవాలి. కంప్యూటర్ మీద 10 నిమిషాలు చేయి ఆడకపోతే ఆఫీసు సందేశాలు పంపుకునే స్లాక్ యాప్‌లో మనిషి అందుబాటులో ఉన్నాడని చెప్పే, పేరు పక్కనున్న పచ్చచుక్క దానంతటదే ఆరిపోతుంది. ప్రోగ్రామ్‌లో లోపం ఎక్కడుందా అని కళ్లు మూసుకుని ఆలోచించే ఇంజనీరు ఆ లెక్కన గైర్హాజరైనట్టే. ఆలోచన మానేసి మౌస్‌ను అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నవాడు కష్టజీవి. అందుకే అనుభవజ్ఞులు ఆలోచించవలసిన పని ఏదైనా ఉంటే ఆఫీసు వేళలు ముగిశాక పెట్టుకుంటారు.

ఈ విధానంలోని నైతికత కూడా సున్నితమైనది. కీబోర్డు మీద పని జరుగుతున్నట్టు నకిలీ కదలికలు సృష్టించారంటూ అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు 2024లో డజనుకు పైగా ఉద్యోగులను తొలగించింది. మౌస్‌ను యంత్రం ఊరికే కదిపితే అది మోసం, మనిషి ఊరికే కదిపితే అది క్రమశిక్షణ. ఈ తేడా తెలియనివారు రిమోట్ ఉద్యోగానికి పనికిరారు. ఇక దూరం నుంచి పనిచేయడంపై నమ్మకం ఎంత గట్టిదంటే, లోకానికంతటికీ వీడియో సమావేశాలు నేర్పిన జూమ్ సంస్థే ఆఫీసుకు 50 మైళ్ల లోపు ఉన్న తన ఉద్యోగులను వారానికి రెండు రోజులు స్వయంగా రమ్మని 2023లో ఆదేశించింది.

అయితే ఈ కంపెనీల అసలు వైభవం రాతపూర్వక సంస్కృతిలో ఉంది. ఎవరినీ ఏదీ అడగనవసరం లేదు, అంతా రాసే ఉంటుంది. గిట్‌ల్యాబ్ అనే రిమోట్ సాఫ్ట్‌వేర్ సంస్థ అందరికీ కనబడేలా ఇంటర్నెట్‌లో పెట్టిన నియమావళిని ముద్రిస్తే 2,000 పేజీలు దాటుతుందని చెప్పుకునేవారు. వాళ్లు దాన్ని నిజంగానే నిర్వహిస్తారు కాబట్టి ఆ సంగతి వేరు. వాళ్లను చూసి వాతలు పెట్టుకున్న కంపెనీల్లో ఉద్యోగి అనుభవం మరింత సంపన్నంగా ఉంటుంది. సెలవుకు ఎలా దరఖాస్తు చేయాలని కొత్తగా చేరినవాడు అడిగితే, “డాక్యుమెంట్‌లో ఉంది, చూడండి” అని సమాధానం వస్తుంది. వెతికితే మూడు దొరుకుతాయి. మొదటిదాని పేరు ‘సెలవు విధానం ఫైనల్’, రెండోదాని పేరు ‘సెలవు విధానం ఫైనల్ కొత్తది’. రెండూ ఒకదానితో ఒకటి పొసగవు. సందేహం తీర్చమని పై అధికారికి “హాయ్ సర్” అని పంపితే, ఆయన వేరే ఖండంలో నిద్రలో ఉంటారు. ఆయన లేచి “హాయ్, చెప్పండి” అనేసరికి అడిగినవాడు నిద్రలో ఉంటాడు. మర్యాదలు పూర్తయి విషయంలోకి వచ్చేసరికి సెలవు కావలసిన రోజు గడిచిపోతుంది. తనను ఎవరూ నిరాకరించలేదన్న తృప్తి మాత్రం ఉద్యోగికి మిగులుతుంది.

మూడో డాక్యుమెంటే సరైనదని అందరూ అంటారు. దాన్ని తెరవాలంటే మాత్రం అనుమతి కావాలి. మీట నొక్కగానే అభ్యర్థన దాన్ని రాసినాయనకు చేరుతుంది, ఆయన ఆ కంపెనీ వదిలి చాలా కాలమైంది.