తాళం వేసిన బీరువాలోని లిట్మస్ కాగితం గారికి

అయ్యా,

గుంటూరు బ్రాడీపేట నుంచి పదో తరగతి చదివే అమ్మాయి తండ్రి రాసుకునే మనవి. మీ క్షేమం అడగక్కర్లేదు. ఆ బడిలో అందరికన్నా క్షేమంగా ఉన్నది మీరే. బీరువాకు తాళం, తాళానికి తుప్పు, తాళంచెవి హెడ్మాస్టరు గారి సొరుగులో.

మీ గురించి మా అమ్మాయికి కంఠతా వచ్చు. ‘ఆమ్లాలు నీలి లిట్మస్‌ను ఎరుపుగా, క్షారాలు ఎర్ర లిట్మస్‌ను నీలంగా మార్చును.’ అర్ధరాత్రి లేపి అడిగినా అప్పజెబుతుంది. ఏ నీలం తల్లీ, ఆకాశమా, వంకాయా అంటే మాత్రం, "అది బిట్లలో రాదు నాన్నా" అంది. మీలాగే రంగు మార్చే మందులు ఇంకా ఉన్నాయి: ఫినాఫ్తలీన్ క్షారంలో గులాబీ, మిథైల్ ఆరెంజ్ ఆమ్లంలో ఎరుపు. ఇన్ని రంగులూ పిల్ల నల్ల సిరాతోనే నేర్చుకుంది.

మీదేమైనా చిన్న వంశమా? రాళ్లనూ చెట్ల బెరళ్లనూ పట్టుకుని పెరిగే లైకెన్ల నుంచి పుట్టారు. 17వ శతాబ్దంలోనే శాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్ వయొలెట్ పూల పాకంలో ఆమ్లం కలిపితే ఎర్రబడుతుందనీ, క్షారం కలిపితే ఆకుపచ్చగా మారుతుందనీ చూసి రాశాడు. 1909లో డెన్మార్క్‌కు చెందిన సోరెన్‌సెన్ కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో పనిచేస్తూ ఆమ్లమో క్షారమో, ఎంత గాఢమో అంకెల్లో చెప్పే పీహెచ్ కొలత తెచ్చాడు. బీరు కంపెనీ వాళ్లు ల్యాబ్‌కు తాళం వేసుకోలేదన్నమాట.

మిమ్మల్ని ఒకసారి పిల్లలకు చూపించండని సైన్సు మాస్టారిని అడిగాను. "వాడితే అయిపోతాయి కదండీ" అన్నారు. పాపం, ఆయన బాధా నిజమే. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చే అధికారి స్టాకు రిజిస్టరు చూసి మిమ్మల్ని లెక్కపెట్టుకుంటాడు గానీ, ఏ పిల్ల మిమ్మల్ని నిమ్మరసంలో ముంచిందని అడగడు.

అసలు ల్యాబ్ మా అమ్మ దగ్గరుంది. పళ్లెంలో నీళ్లు, కాస్త పసుపు, తమలపాకుల పెట్టెలోంచి చిటికెడు సున్నం. దిష్టి తీసే ఎర్రనీళ్లు సిద్ధం. మొన్న అందులో నిమ్మకాయ పిండించాను, మళ్లీ పచ్చబడ్డాయి. పిల్ల నోరు తెరిచి, "ఇది నాలుగు మార్కుల ప్రశ్న కదా!" అంది. పప్పు పడిన తెల్ల చొక్కాకు సబ్బు రుద్దగానే మరక ఎందుకు ఎర్రబడుతుందో కూడా అప్పుడే తట్టింది దానికి. పెరటి మందారమూ అంతే, పులుపు తగిలితే ఎర్రబడుతుంది, సున్నపు తేట పోస్తే ఆకుపచ్చ.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. గోంగూర ఎంత పుల్లగా ఉన్నా పసుపు చలించదు, పచ్చగానే కూర్చుంటుంది. మీరైతే ఆమ్లం, క్షారం రెండింటికీ పలుకుతారు. అందుకే బయటికి రమ్మంటున్నాను.

త్వరగా రండి. మీకు తేమ పడదు, మా వానాకాలం సంగతి మీకు తెలుసు. పైగా మీ బీరువా గోడకు అవతలే బాత్రూములు. తడిసిన ఎర్ర లిట్మస్ అమ్మోనియా తగిలితే నీలంగా మారుతుందని మా అమ్మాయి పుస్తకంలోనే ఉంది. రిజిస్టరులో చూస్తే ఎర్రవి వేరు, నీలివి వేరు రాసి ఉన్నాయట. ఈసారి ఇన్‌స్పెక్షన్‌లో మాస్టారు లెక్క ఎలా ఒప్పజెబుతారో!

ఇట్లు,
ఓ పిల్ల తండ్రి