తుప్పు గారికి ఓ పికప్ ఓనరు బహిరంగ లేఖ

మహారాజశ్రీ తుప్పు గారి సముఖానికి,

భీమవరం దగ్గర పల్లెలో ఉండే ఒక పాత పికప్ ఓనరు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు. బండి కిందకి దూరిన ప్రతిసారీ కళ్లారా చూస్తూనే ఉన్నాను, ఒళ్లు చేశారు కూడా.

ముందుగా వాటాల సంగతి తేల్చుకోవాలండి. ఈ బండి ఆర్‌సీలో ఓనరుగా నా పేరుంది. చాలాకాలం దాని కింద ఫైనాన్స్ వాళ్ల పేరు కూడా ఉండేది. కిస్తీలన్నీ కట్టి, బాకీ లేదనే ఎన్‌ఓసీ కాగితం తెచ్చి, ఆ పేరు తీయించాను. బండి ఇక అచ్చంగా మాదే అని ఇంట్లో పరమాన్నం కూడా వండుకున్నాం. తీరా చూస్తే ఒక్క కిస్తీ కట్టకుండా, ఒక్క సంతకం పెట్టకుండా, వెనక చక్రం పైన ఎవరో కాపురం పెట్టి ఉన్నారు. తమరే.

మా ఊళ్లో పాత పికప్ మాట ఎత్తితే ఎవరైనా ఇంజన్ గురించే చెబుతారు. "పాత డీఐ ఇంజన్ అండి, దానికేమవుద్ది" అంటారు. నిజమే, ఏమీ కాదు. మెకానికల్ పంపు, నాలుగు ఇంజెక్టర్లు, అంతే. డీజిల్ లైన్లోకి గాలి పడితే హ్యాండ్ పంపు నొక్కి గాలి తీసేయడం, మళ్లీ సెల్ఫ్ కొట్టడం. చింతచెట్టు కింద స్పానర్ల సంచితో కూర్చున్న మెకానిక్ చాలు. 2020 ఏప్రిల్ తర్వాత, పొగ తగ్గించే బీఎస్-6 రూలు ప్రకారం వచ్చిన బళ్లు అలా కాదు. సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టర్ ఒకటి ఉంటుంది. చెరువుకీ ఐస్ ఫ్యాక్టరీకీ మధ్య చిన్న చిన్న ట్రిప్పులు తిప్పుతుంటే ఆ మసి కాలిపోయేంత వేడి రాదు. డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, ల్యాప్‌టాప్ ఉన్న మెకానిక్ కోసం టౌనుకి పరిగెత్తాలి. అందుకే మావాళ్లు పాత బండి వదలరు. ఇంజన్ అరిగితే బోరు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేయించి మళ్లీ రోడ్డెక్కిస్తారు. ఆ ఇంజన్ ఏ ఛాసీ మీద, అంటే బండి మొత్తాన్ని మోసే ఏ ఇనుప చట్రం మీద, కూర్చుని ఉందో దాన్ని మాత్రం వంగి చూసేవాడు లేడు. తమరి నమ్మకమంతా ఆ వంగని నడుముల మీదే కదండీ.

తమరు మా ప్రాంతాన్నే ఎంచుకున్నందుకు తప్పు పట్టను. తెలివైనవారెవరైనా అదే చేస్తారు. తమరికి కావలసింది ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్. ఉప్పు లేకపోయినా తమరి పని సాగుతుంది. ఉంటే మాత్రం నీళ్లలో కరెంటు జోరుగా పారుతుంది, ఇనుము కరగడం అంత త్వరగా జరుగుతుంది. పైగా ఇనుము మీద కాస్తో కూస్తో పొర ఏర్పడితే దాన్ని కూడా ఉప్పు నిలవనివ్వదు. ఇక మా మెనూ చూడండి. ఒకవైపు బంగాళాఖాతం. మధ్యలో ఉప్పుటేరు, కొల్లేటి నీళ్లు సముద్రానికి మోసుకెళ్తూ, పోటు వచ్చినప్పుడు సముద్రాన్నే ఊళ్లోకి మోసుకొచ్చే ఘనమైన ఏరు. 2009లో వనామీ రొయ్యకు దేశంలో అనుమతి వచ్చాక ఎన్ని వరిచేలు చెరువులయ్యాయో తమరికి వేరే చెప్పాలా? అదంతా తమరి రాజ్యవిస్తరణే.

చెరువులో రొయ్యలు పట్టే పట్టుబడి రాత్రి సంగతి చెబుతాను, తమరికి నోరూరుతుంది. తెల్లవారుజామున చెరువు గట్టు మీద బండి వెనక్కి పెడతారు. రొయ్యలు, ఐసు కలిపిన క్రేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన పట్టా కట్టి పంపిస్తారు. ఐసు కరుగుతుంది. ఆ నీరు, చెరువు నీరు, రొయ్యల నీరు కలిసి బాడీ రేకుల అతుకుల్లోంచి సన్నగా జారుతూ నేరుగా ఛాసీ మీద పడతాయి. ఛాసీ పెట్టెలా మూసి ఉంటుంది కానీ అక్కడక్కడ కన్నాలుంటాయి. వాటిలోంచి ఉప్పునీరు, గట్టు మీది బురద లోపలికి పోతాయి. లోపలికి పోవడమే తెలుసు వాటికి, బయటకు రావడం తెలీదు. ఎండ తగలదు, తడి ఆరేంత గాలి తగలదు, చెయ్యి దూరదు, బ్రష్షు దూరదు. తమరికి ఏసీ రూము బుక్ చేసినట్టే.

తమరి పనితనం గురించి ఒక మాట. వేరే లోహాలకు పట్టే మకిలి చాలావరకు లోపలి లోహాన్ని కాపాడుతుంది, అల్యూమినియం అలాగే బతుకుతోంది. తమరు అలా కాదు. పొరలు పొరలుగా ఊడిపోయి, కింద కొత్త ఇనుము బయటపడేలా చూసుకుంటారు. ఊడేముందు ఉబ్బుతారు కూడా. ఇనుము తుప్పయ్యాక తానున్న చోటుకి ఎన్నో రెట్లు ఎక్కువ చోటు అడుగుతుంది. రెండు రేకుల మధ్య దూరారంటే ఆ రెండిటినీ విడదీసేదాకా ఊరుకోరు. చక్రాల పైన బరువు మోసే కమాన్ కట్టలు పట్టుకునే బ్రాకెట్ దగ్గర తమరు చేసింది అదే. బోల్టు విప్పబోతే తిరగదు, విరుగుతుంది. అరగంట పనికి గ్యాస్ కట్టర్ పిలవాలి. ఆ బిల్లు తమరి పేర రాయించుకునే వీలు ఏ పుస్తకంలోనూ లేదు.

తమరు ఇక్కడితో ఆగే మనిషి కారని తెలుసు. అమెరికాలో చేసిన ఘనకార్యం కూడా విన్నాను. అక్కడ చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మనకు చెరువుల్లో ఉన్నది వాళ్లు రోడ్డుకే పూస్తారన్నమాట. ఎంత దూరమైనా తిరుగుతాయని పేరున్న టొయోటా పికప్‌లనే తమరు పట్టుకున్నారు. 2008లో ఆ కంపెనీ, 1995 నుంచి 2000 దాకా వచ్చిన టకోమా పికప్‌ల ఛాసీకి తుప్పు విషయంలో పదిహేనేళ్ల వారంటీ ఇచ్చింది. బాగుచేయడానికి వీల్లేనంతగా తిన్న బళ్లను మార్కెట్ విలువకు ఒకటిన్నర రెట్లు ఇచ్చి వెనక్కి తీసుకుంది. మళ్లీ 2016లో తర్వాతి టకోమాలు, టండ్రాలు, సెకోయాలు కలిపి సుమారు 15 లక్షల బళ్ల విషయంలో కోర్టు కేసును రాజీ చేసుకుంది. దాని విలువ 340 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని లెక్కగట్టారు. ఇంజన్ల మీద రాలేదండి ఆ కేసు. లక్షల మైళ్లు తిరిగే ఇంజన్ల కింద ఛాసీకి కన్నాలు పడ్డాయని వచ్చింది.

చదివినప్పటి నుంచీ ఒకటే ఆలోచన. తుప్పు పట్టిన బండికి, పట్టని బండికన్నా ఎక్కువ డబ్బు! తమరు అక్కడ మనుషులకు పెన్షన్ ఇప్పించారు. మా దగ్గర తమరు తిన్న బండిని పాత ఇనుము లెక్కన కాటా వేసి కొంటారు, అందులోనూ తమరు తిన్నంత మేర తూకం తగ్గుతుంది.

మా వైపు తప్పేమీ లేదని నేననను. తమరికి మేం చేసే సేవ అలాంటిలాంటిది కాదు. బండికి ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఎఫ్‌సీ, అంటే రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందనే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, చేయించుకోవాలి. గడువు దాటితే రోజుకు 50 రూపాయలు అదనపు ఫీజని 2016 డిసెంబరులో కేంద్రం రూలు పెట్టింది. అందుకని ఎఫ్‌సీ ముందు వారం మా టింకరింగ్ షాపులు పెళ్లి ఇళ్లలా ఉంటాయి. కన్నం పడ్డ చోట రేకు ముక్క అతికిస్తారు. దాని మీద లప్పం, లప్పం మీద రెడ్ ఆక్సైడ్, దాని మీద తెల్ల పెయింటు, పెయింటు మీద మెరిసే స్టిక్కరు, స్టిక్కరు మీద నిమ్మకాయలు. తమర్ని గీకి తీసేసి పెయింటు వేయాలని అందరికీ తెలుసు. గీకితే ఎంత మిగులుతుందో అన్న భయంతో ఎవరూ గీకరు. తలుపుల అడుగున నీళ్లు కారిపోవడానికి కంపెనీవాళ్లు చిన్న కన్నాలు పెడతారు కదా, మా పెయింటరు వాటిని కూడా డ్యామేజీ అనుకుని లప్పంతో మూసేస్తాడు. వానాకాలం వస్తే తలుపు తీసిన ప్రతిసారీ లోపల నీళ్లు గలగలమంటాయి. బయటి తమరు సరిపోరని లోపలికి కూడా ఆహ్వానం పలికేశాం.

ఇక ఛాసీ మీద ఒక్కచోట తమరికి ప్రవేశం లేదు. ఛాసీ నంబరు చెక్కిన జానెడు మేర. ఆర్టీఓ ఆఫీసులో ఆ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్ర తీసుకుంటారు. అది చదవడానికి రాకపోతే బండే లేనట్టు. అందుకని దాన్ని గరుకు కాగితంతో నున్నగా రుద్ది, గ్రీజు పూసి, అపురూపంగా చూసుకుంటాం. ఇంత జాగ్రత్త తక్కిన ఛాసీకి చూపించి ఉంటే తమరు ఎప్పుడో ఊరు విడిచేవారు. తనిఖీకి వచ్చినాయన లైట్లు, హారన్, బ్రేకులు, రిఫ్లెక్టర్ స్టిక్కర్లు చూస్తారు. ఇస్త్రీ యూనిఫాంతో బండి కింద పడుకోమని ఆయన్ని అడిగే ధైర్యం మాకూ లేదు.

అమ్మకాల్లో తమరి పరపతి ఇంకా గొప్పది. పాత పికప్ కొనడానికి వచ్చేవాళ్లు ఆయిల్ మూత తీసి పొగ ఎంత తన్నుతోందో చూస్తారు. ఆక్సిలేటర్ తొక్కి శబ్దం వింటారు. టైర్ల బటన్ చూస్తారు. ప్రతి ఒక్కరూ టైరుని ఒక తన్ను తంతారు, దాని వల్ల ఏం తెలుస్తుందో నాకింతవరకు అర్థం కాలేదు. జేబులో చిన్న అయస్కాంతం వేసుకుని రావడం ఎవరికీ తోచదు. రేకు ఉన్నచోట అంటుకుంటుంది, లప్పం దట్టంగా ఉన్నచోట జారి పడిపోతుంది. చిన్న సుత్తితో ఛాసీ మీద కొట్టుకుంటూ పోతే ఎక్కడ ఖంగుమంటుందో, ఎక్కడ డబ్‌మంటుందో చెవికే తెలుస్తుంది. క్యాబిన్‌లో రబ్బరు మ్యాటు ఎత్తితే సగం కథ అక్కడే బయటపడుతుంది. ఈ పని చేసేవాడు కనిపిస్తే బ్రోకర్లు మొహం మాడ్చుకుని, "సెకండ్ హ్యాండ్ బండండి, పెళ్లి సంబంధం కాదు" అంటారు. పైన పటారం లోన లొటారం అని మా పెద్దలు అన్నది పికప్‌లు రాకముందే. ఎలా తెలిసిందో!

మీకు ఎదురులేదనుకోకండి. ఢిల్లీలో కుతుబ్ మినార్ పక్కన గుప్తుల కాలం నాటి ఇనుప స్తంభం ఒకటి సుమారు 1600 ఏళ్లుగా తమర్ని లెక్కచేయకుండా నిలబడి ఉంది. దాని ఇనుములో ఫాస్ఫరస్ ఎక్కువ. అది తమరిలోంచే ఒక పల్చని పొరను తయారుచేయించి, ఆ పొరనే కాపలా పెట్టుకుంది. వెనక్కి తిరిగి దాన్ని కావలించుకుంటే అదృష్టమని జనం రుద్దిరుద్ది అరగదీస్తుంటే 1997లో చుట్టూ కంచె వేశారు. తమరు చేయలేనిది మనుషులు చేయబోయారు చూడండి. అయితే ఒకటి, ఆ స్తంభం ఢిల్లీ పొడి గాలిలో ఉంది. మొగల్తూరులో పాతి, రోజూ రొయ్యల క్రేట్లు దానికి ఆనించి ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం.

సర్కారు వారికి కూడా తమరు కనిపించరు. 2021 ఆగస్టులో పాత వాహనాల స్క్రాప్ విధానం వచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ పొడిగించడం ఆపేశారు. వయసు లెక్కపెట్టడం తేలిక, ఆర్‌సీ చూస్తే చాలు. కానీ వానే సరిగ్గా పడని అనంతపురంలో పదిహేనేళ్లు తిరిగిన జీపు ఛాసీ, మా దగ్గర అందులో సగం వయసున్న పికప్ ఛాసీ పక్కపక్కన పెట్టి సుత్తితో కొట్టి చూడండి. నేను ఇంకో పాత బండి కొంటే సీమ బండే కొంటాను, రేటు పదివేలు ఎక్కువైనా. ఈ ముక్క తమరికి ముందే చెప్పేస్తున్నాను, దొంగచాటు వ్యవహారం నాకు చేతకాదు.

చివరగా అసలు విషయానికి వస్తాను. తమరికి మందు నాకు తెలియక కాదు. ట్రిప్పు అయిన వెంటనే మంచినీళ్లతో కింద కడగాలి. కన్నాల్లోంచి పైపు పెట్టి ఛాసీ లోపల బురద కడిగేయాలి. ఆరాక లోపలి గోడలకు మైనం కలిసిన కోటింగ్ కొట్టాలి. బాడీ అడుగున రేకు ట్రే వేసి, ఐసు నీళ్లు పైపు గుండా ఒక డబ్బాలోకి దిగేలా చేయాలి. ఇందులో పెద్ద ఖర్చున్నది ఏదీ లేదు. పాత ఇంజన్ ఆయిల్ కొట్టిస్తే చాలంటారు కొందరు. దానికి దుమ్ము అంటుకుంటుంది, రబ్బరు బుష్‌లు ఉబ్బిపోతాయి, పంట కాలువలోకి కారుతుంది. నేను కొట్టించను.

చిక్కల్లా ఆ మంచినీళ్ల దగ్గరే వచ్చింది. మా ఊళ్లో బోరు వేస్తే ఉప్పునీరే పడుతుంది. సర్వీసింగ్ సెంటర్‌లో ప్రెజర్ పెట్టి బండిని తళతళలాడేలా కడిగేది ఆ నీళ్లతోనే. అంటే డబ్బులిచ్చి తమరికి మరో విడత భోజనం పెట్టిస్తున్నాం. కాలువ నీళ్లు మంచివే. కానీ ఎండాకాలం గోదావరి కాలువలు కట్టేస్తారు. చెరువులో నింపుకున్న నీళ్లు తాగడానికి సరిపోతే అదే గొప్ప. వేసవిలో బిందె నీళ్లు బండి మీద పోస్తానంటే మా ఆవిడ నన్నే బండి కింద పడుకోమంటుంది.

కాబట్టి తమరితో ఒక ఒప్పందం. కాలువలు జూన్‌లో వదులుతారు. వదిలిన రోజే బండి గట్టుకి తీసుకెళ్లి, మోటారు పెట్టి, తమరి గదులన్నీ ఖాళీ చేయిస్తాను. అందాకా ఎడమవైపు వెనక బ్రాకెట్ జోలికి మాత్రం వెళ్లకండి. కావాలంటే తలుపులు తినండి. ఎలాగూ వాటిలో ఉన్నది లప్పమే.

ఇట్లు,
భీమవరం వైపు ఒక పికప్ ఓనరు