తెర అంచున చిక్కుకున్న బటన్లు

నిన్నటిదాకా సవ్యంగా ఉన్న యాప్‌లో ఇవాళ ‘చెల్లించండి’ బటన్ కింది పట్టీ వెనక్కి జారిపోతుంది. పైన శీర్షిక మీద గడియారం, బ్యాటరీ గుర్తు ఎక్కి కూర్చుంటాయి. వాడేవారు ఫోనును తిట్టుకుంటారు, యాప్ చేసినవారు గూగుల్‌ను తిట్టుకుంటారు. రెండో తిట్టులో న్యాయం తక్కువ.

2024లో వచ్చిన ఆండ్రాయిడ్ 15 ఒక నియమం పెట్టింది. ఆ వెర్షన్‌ను లక్ష్యంగా ప్రకటించుకున్న యాప్, అంటే టార్గెట్ ఎస్‌డీకే అనే అంకె 35గా రాసుకున్నది, తెరను పై అంచు నుంచి కింది అంచు దాకా తానే నింపాలి. అంతకుముందు పైన గడియారం ఉండే స్టేటస్ బార్, కింద వెనక్కి, హోమ్ మీటలుండే నావిగేషన్ బార్ల చోటును వ్యవస్థ అట్టిపెట్టుకుని, మధ్యలో మిగిలింది యాప్‌కు ఇచ్చేది. ఇప్పుడు తెరంతా యాప్‌దే. ఏ మేర బార్ల కింద పడుతోందో వ్యవస్థను అడిగి, బటన్లనూ అక్షరాలనూ పక్కకు జరుపుకోవలసిన పూచీ కూడా దానిదే. ఆ కొలతలనే ఇన్‌సెట్స్ అంటారు.

ఇందులో ఒక మెలిక ఉంది. చిక్కు బయటపడేది ఫోను అప్‌డేట్ అయిన రోజున కాదు, యాప్ తన లక్ష్యాన్ని 35కు పెంచిన రోజున. అదీ ఆండ్రాయిడ్ 15, ఆపై వెర్షన్లు ఉన్న ఫోన్లలోనే. అందుకే ఒకే ఇంట్లో ఒకే యాప్ తండ్రి పాత ఫోనులో చక్కగా, కూతురి కొత్త ఫోనులో వంకరగా కనబడవచ్చు. ‘మా దగ్గర బాగానే ఉందండీ’ అనే జవాబు అబద్ధం కాకపోవచ్చు. వాళ్లు చూసింది పాత ఫోనులో. పోనీ లక్ష్యం పెంచకుండా కూర్చుందామంటే, 2025 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్‌లకూ అప్‌డేట్లకూ 35 తప్పనిసరి అని ప్లే స్టోర్ గడువు పెట్టింది. అడిగినవారికి నవంబరు 1 దాకా పొడిగింపు ఇచ్చింది.

మినహాయింపు లేకపోలేదు. యాప్ రూపాన్ని నిర్ణయించే థీమ్ అనే ఫైలులో ఒక్క వరుస చేరిస్తే ఆండ్రాయిడ్ 15లో పాత పద్ధతే నడుస్తుంది. నా దృష్టిలో అసలు ప్రమాదం ఆ వరుసే. దాన్ని చేర్చిన మధ్యాహ్నమే పని పూర్తయినట్టు కనిపిస్తుంది, జాబితాలోంచి ఆ అంశం కొట్టేస్తారు. 2025 జూన్‌లో వచ్చిన ఆండ్రాయిడ్ 16ను లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లకు, ఆ వెర్షన్ ఉన్న ఫోన్లలో ఆ వరుస ఇక పనిచేయదు. అదే విడుదల మరో సడలింపును కూడా వెనక్కి తీసుకుంది. వెడల్పు, ఎత్తుల్లో చిన్నది 600 డీపీకి (డీపీ అంటే ఆండ్రాయిడ్ తెర కొలత) తగ్గని, అంటే ట్యాబ్లెట్ల వంటి పెద్ద తెరల మీద ‘నేను నిలువుగానే ఉంటాను’ అన్న యాప్ మాటను వ్యవస్థ పట్టించుకోదు. దీనికీ తాత్కాలిక మినహాయింపు ఉంది, అదీ తర్వాతి లక్ష్యంతో పోతుందని గూగుల్ ముందే చెప్పింది. గడువు రాసి ఇచ్చిన అప్పును దానమనుకోవడం ఎవరి పొరపాటు?

నిజానికి ఇదంతా ఎప్పుడో నేర్చుకోవలసిన పాఠం. 2017లో ఐఫోన్ ఎక్స్ తెర నెత్తిన గాటుతో వచ్చినప్పుడే, పై పట్టీ ఎత్తును స్థిరమైన అంకెగా రాసుకున్న యాప్‌లు ఇబ్బంది పడ్డాయి. ఆపిల్ ‘సేఫ్ ఏరియా’ అని చూపిన దారి కూడా ఇదే: కొలత గుర్తుంచుకోవద్దు, అడుగు. అయినా స్టేటస్ బార్ అంటే 24 డీపీ అని కోడ్‌లో రాసే అలవాటు ఆండ్రాయిడ్ వైపు పోలేదు.

అయితే ప్రతి మార్పునూ ఒకే గాటన కట్టలేం. 2025 సెప్టెంబరులో ఐఫోన్ వ్యవస్థ ఐఓఎస్ 26తో వచ్చిన లిక్విడ్ గ్లాస్ అనే కొత్త రూపు ప్రధానంగా అభిరుచికి సంబంధించినది. గాజులాంటి పొరల మీద అక్షరాలు తేలిపోతున్నాయన్న విమర్శలు వచ్చాక, 26.1లో పొరను మరింత చిక్కగా చేసుకునే ఎంపికను ఆపిలే ఇచ్చింది. ఇటువంటివాటికి ఆపిల్ ఇచ్చిన తాత్కాలిక మినహాయింపు వాడుకుని కొన్నాళ్లు ఆగితే తప్పు లేదు. వ్యవస్థ ఇచ్చిన సొంత బార్లనూ బటన్లనూ వాడిన యాప్‌లకు కొత్త రూపు చాలావరకు తిరిగి బిల్డ్ చేయగానే వస్తుంది. ప్రత్యేకంగా కనిపించాలని అన్నీ స్వయంగా గీసుకున్నవారికే చాకిరీ. ఆండ్రాయిడ్ అంచుల మార్పు అలా కాదు. అది ఒక తప్పుడు ఊహను తీసేసింది, కాబట్టి ఎదురుచూసి లాభం లేదు.

తెలుగు చదివేవారికి ఇందులో సొంత వాటా ఉంది, దాని గురించి మాట్లాడేవారే తక్కువ. నిలువుగా ఎక్కువ చోటు కోరే తెలుగు, కన్నడ, మలయాళ, తమిళం వంటి లిపులకు ఆండ్రాయిడ్ ఏళ్ల తరబడి కుదించిన ఫాంటును వాడింది. యాప్‌ల అమరిక చెదరకూడదని అక్షరాన్నే నొక్కిపెట్టిందన్నమాట. ఆండ్రాయిడ్ 15 లక్ష్యంగా ఉన్న యాప్‌లలో ఈ ఏర్పాటు తిరగబడి, పూర్తి ఎత్తున్న ఫాంటు డిఫాల్ట్ అయింది. ఇంగ్లీషు అక్షరాలకు కొలిచి ఎత్తు బిగించిన బటన్లో ‘రాష్ట్రం’ అని రాసి చూడండి, కింది వత్తులు తెగిపోయే అవకాశం ఎంతో తెలుస్తుంది. పైగా ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాలను 200 శాతం దాకా పెంచుకోవచ్చు, పెద్దవయసువారు పెంచుకుంటారు కూడా. కాబట్టి తెలుగు పరీక్షను విడుదలకు ముందురోజుకు వాయిదా వేసే బృందాలు ఆ క్రమం మార్చుకుని, ఎత్తు అంకెగా బిగించిన పెట్టెలను ముందే వెతికి సడలించాలి. ఆండ్రాయిడ్ 16 లక్ష్యంతో కుదించిన ఫాంటుకు వెనక్కి వెళ్లే దారి కూడా మూసుకుపోయింది.