డబ్బిచ్చి కొన్న గొంతు ఎవరిది?

2022లో వచ్చిన గూగుల్ పిక్సెల్ 7లో 64 బిట్ యాప్‌లు మాత్రమే నడుస్తాయి. చాలామందికి దాంతో పనే పడలేదు. తెర మీది అక్షరాలను పలికి వినిపించే ఎలోక్వెన్స్ అనే కంప్యూటర్ గొంతును ఆండ్రాయిడ్‌లో కొనుక్కుని ఏళ్ల తరబడి వాడుతున్న అంధులకు మాత్రం అది పెద్ద దెబ్బ. వాళ్ల యాప్ పాత 32 బిట్‌ది, ఆ ఫోన్‌లో నడవదు.

ఎలోక్వెన్స్ వినడానికి మరమనిషి గొంతే. కానీ ఎంత వేగం పెంచినా అక్షరం చెదరదు, వేలు తగలగానే పలుకుతుంది. తీయని గొంతులు ఎన్ని వచ్చినా చాలామంది దాన్ని వదలనిది అందుకే. దాన్ని తయారుచేసిన కంపెనీ స్పీచ్‌వర్క్స్‌లో కలిసింది, అది స్కాన్‌సాఫ్ట్‌లో కలిసింది, స్కాన్‌సాఫ్ట్ 2005లో న్యువాన్స్ అయింది. ఇన్ని చేతులు మారినా కొన్నవాడి చేతికి మాత్రం ఏ హక్కూ రాలేదు. అదే 2022లో ఆపిల్ ఐఓఎస్ 16లో ఆ గొంతును ఉచితంగా చేర్చింది. ఒప్పందం ఉన్నచోట పలికింది, లేనిచోట మూగబోయింది.

ఇదేమీ సోకు వ్యవహారం కాదు. బ్యాంకు ఓటీపీ వచ్చిందనుకోండి. ఆండ్రాయిడ్‌లో తెర మీదున్నది చదివే స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్. అది చదివిన ఆరు అంకెలు గుర్తుపెట్టుకుని, వేరే యాప్‌లోకి వెళ్లి, ఒక్కో అంకె మీద వేలు పెట్టి, విని, నొక్కాలి. అదీ గడువులోపు. గొంతు అరక్షణం ఆలస్యమైనా ప్రతి నొక్కుకూ అది పోగవుతుంది.

క్లౌడ్‌లో చక్కటి తెలుగు గొంతులు వస్తున్నాయిగా అనవచ్చు. వాటికి సాధారణంగా అక్షరాల లెక్కన బిల్లు. స్క్రీన్ రీడరేమో పొద్దస్తమానం పలుకుతూనే ఉంటుంది. పైగా ఓటీపీ, ఖాతా నిల్వ, ఇంటి కబుర్లు అన్నీ ఎవరిదో సర్వర్‌కు వెళ్లి రావాలి. చూపు లేదు కాబట్టి గుట్టు వదులుకోమనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

తెలుగుకు గూగుల్ గొంతు ఉంది, అది ఆ కంపెనీ దయ. ఈస్పీక్ ఎన్‌జీ అనే ఉచిత గొంతూ ఉంది. ఎవరైనా వాడుకుని మార్చుకోగల జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కాబట్టి దాన్ని ఎవరూ లాక్కోలేరు, ఎవరైనా బాగుచేయవచ్చు. కానీ దాని తెలుగు కరకు, పుస్తకమంతా వినడం కష్టం. ఐఐటీ మద్రాస్ ఆధ్వర్యంలో కేంద్రం నిధులతో భారతీయ భాషల గొంతులు తయారయ్యాయి, అందులో తెలుగూ ఉంది. ప్రజల సొమ్ముతో చేసిన గొంతు ఏదైనా సరే, నెట్ అవసరం లేకుండా, ఏ స్క్రీన్ రీడర్‌తోనైనా ఫోన్‌లోనే నడిచేలా స్వేచ్ఛా లైసెన్సుతో బయటికి రావాలి.

అంధులు చదివే రూపంలోకి పుస్తకాన్ని మార్చుకోవడానికి 2012 కాపీరైట్ సవరణ దారి ఇచ్చింది. అంధులకు పుస్తకాలు అందేలా కాపీరైట్ సడలించే మర్రకేష్ అంతర్జాతీయ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. ఆ వెసులుబాటు పుస్తకానికే, దాన్ని చదివే గొంతుకు కాదు. డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025లో చెప్పాక కూడా ఈ ఖాళీ అలాగే ఉంది. చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. అంధులకిచ్చే ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల టెండర్లలోనే ప్రభుత్వాలు రెండు షరతులు రాయవచ్చు: గొంతు లైసెన్సు పరికరానికి కాక మనిషికి ఉండాలి, కంపెనీ అమ్మకం ఆపేస్తే కోడ్ విడుదల చేయాలి.